మన మీద కేసు వేసినవాడూ మన అలాటీనే

విజయవాడలో న్యాయ విద్యార్థులు, జూనియర్ అడ్వొకేట్ల సమావేశంలో, ప్రభుత్వ గృహనిర్మాణ రంగంలో లా ఆఫీసర్‌గా పనిచేసి రిటైరైన వక్త చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థలో చీఫ్ లా ఆఫీసర్ ఏం చేస్తాడో చెప్పమని నన్ను పిలిచారు. మీలో కొందరికి అలాంటి పోస్టు ఒకటుందని కూడా తెలియకపోవచ్చు. హైకోర్టులో హౌసింగ్ బోర్డు తరఫున లేచి మాట్లాడేది స్టాండింగ్ కౌన్సిల్. ఆయన బయట ప్రాక్టీసు చేసుకునే అడ్వొకేటే. ప్యానెల్‌లో ఉంటారు, కేసుకింత అని ఫీజు తీసుకుంటారు. రెవెన్యూ శాఖ కూడా పార్టీ అయితే జీపీ గారు, అంటే ప్రభుత్వ ప్లీడరు, లేస్తారు. వాళ్లిద్దరి చేతుల్లో ఉన్న కాగితాలు ఎక్కడ తయారయ్యాయి? పిటిషన్‌లో ఒక్కో పేరాకీ జవాబుగా పేరావారీ రిమార్కులు ఎవరు రాశారు? అసలు ఆ గొడవ ఏ ఫైల్లో, ఏ సంతకం దగ్గర మొదలైంది? అదంతా లా సెక్షన్ సంగతి. దానికి పెద్ద చీఫ్ లా ఆఫీసర్.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రైవేటు కంపెనీ లాయర్‌కి ఎదుటి పార్టీ అంటే ఎదుటి పార్టీనే. హౌసింగ్ సంస్థలో అలా కుదరదు. మన మీద హైకోర్టులో రిట్ పిటిషన్ వేసిన మనిషి చాలాసార్లు మన అలాటీనే, అంటే మనం ఇల్లు కేటాయించిన మనిషే, అయివుంటాడు, లేదంటే మన కాలనీ కోసం పొలం వదులుకున్న రైతు, లేదంటే ఇల్లు ఇస్తామని మనం టోకెన్ ఇచ్చిన మనిషి. ఆ సంస్థను పెట్టిందే వాళ్ల కోసం. వాళ్లను ఓడించినంత మాత్రాన సంస్థ గెలిచినట్టు కాదు. ఈ మాట మరిచిపోయిన లా ఆఫీసర్ ఎంత సమర్థుడైనా ఆ కుర్చీకి పనికిరాడని నా గట్టి నమ్మకం.

ముందు ఆ సంస్థలు ఏమిటో చూద్దాం, త్వరగా చెప్పేస్తాను. 1956 నాటి చట్టం కింద హౌసింగ్ బోర్డు ఉంది. మన భవానీపురంలో హెచ్‌బీ కాలనీ అంటామే, ఆ పేరు దాని నుంచి వచ్చిందే. అది ధర కట్టించుకుని, వాయిదాల మీదో మొత్తంగానో, ఇళ్లు అమ్ముతుంది. బలహీన వర్గాల ఇళ్ల కోసం 1979లో స్టేట్ హౌసింగ్ కార్పొరేషన్ వచ్చింది. అది కంపెనీ. పట్టణాల్లో అపార్ట్‌మెంట్లు కట్టడానికి తర్వాత టిడ్కో వచ్చింది. బయట జనానికి అన్నీ 'హౌసింగ్ వాళ్లే'. లా ఆఫీసర్‌కి మాత్రం తేడా తెలియాలి. బోర్డు ఏ పని చేసినా చట్టంలో సెక్షన్ చూపించాలి. కార్పొరేషన్ అయితే తన స్థాపన పత్రమైన మెమోరాండమూ జీవోలూ చూపించాలి. 1967లో రాజస్థాన్ ఎలక్ట్రిసిటీ బోర్డు కేసు, 1980లో అజయ్ హాసియా కేసు వచ్చాక ఇలాంటి సంస్థలు రాజ్యాంగం ఆర్టికల్ 12 కింద 'రాజ్యం' అవుతాయన్నది స్థిరపడింది. అంటే వాటి మీద 226 కింద రిట్ పడుతుంది, సమానత్వం, సహజ న్యాయం వాటికీ వర్తిస్తాయి.

కానీ ఇక్కడొక చిక్కుంది. రిట్‌కి 'రాజ్యం' అయిన సంస్థ కాలపరిమితి దగ్గరకొచ్చేసరికి 'ప్రభుత్వం' కాదు. లిమిటేషన్ చట్టంలో ఆర్టికల్ 112 ఇచ్చే 30 ఏళ్ల గడువు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు వేసే దావాలకే. బోర్డు తన స్థలం కోసం వేసే స్వాధీనపు దావాకి అందరికీ ఉన్న 12 ఏళ్లే. కాలనీలో పార్కు కోసం వదిలిన ఖాళీ జాగాలో ఎవరో షెడ్డు వేసుకుంటే, 'మనది సర్కారు భూమేగా, ఎక్కడికి పోతుందిలే' అనుకుంటూ ఇంజనీర్లు ఏళ్లు గడిపేస్తారు. ఆ జాగాల జాబితా తీసి, ఏటా ఫొటోలతో పరిశీలన నివేదిక తెప్పించుకోవడం లా ఆఫీసర్ పని. ఇది ఎవరూ చప్పట్లు కొట్టే పని కాదు. కానీ పిల్లలకు ఆడుకునే జాగా మిగిలేది దానివల్లే.

ఇక భూమి సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే నా అనుభవంలో హౌసింగ్ కేసుల వేళ్లన్నీ ఇక్కడే ఉంటాయి.

కొత్త కాలనీకి ఫలానా సర్వే నంబర్లో భూమి ఉందని ప్రతిపాదన వస్తుంది. ఫైల్లో పైన తహసీల్దార్ రిపోర్టు, సాగు వివరాల అడంగల్ నకలు, రిజిస్ట్రేషన్ లావాదేవీలు చూపే ఈసీ ఉంటాయి. 'భూమి ప్రభుత్వానిది, ఆక్రమణలు లేవు' అని ఒక వాక్యం. పైనుంచి ఫోన్లు, శంకుస్థాపనకి ముహూర్తం, ఒకటే టెన్షన్. లీగల్ ఒపీనియన్ ఈ సాయంత్రానికే కావాలంటారు. అప్పుడు మీరు ఆగి అడగాల్సినవి రెండు: ఆర్‌ఎస్‌ఆర్, అంటే రీసర్వే రిజిస్టరు, ఎఫ్‌ఎంబీ, అంటే పొలం కొలతల పుస్తకం. రీసర్వే రిజిస్టర్లో ఆ నంబరుకి ఎదురుగా ఏ వర్గీకరణ రాశారో చదవండి. ఎఫ్‌ఎంబీ షీటు బల్ల మీద పరిచి, కొలతల గీతల మధ్య ఎక్కడైనా వాగు వంపులు కనపడుతున్నాయేమో చూడండి. ఒకసారి నా ముందుకొచ్చిన షీట్లో పొలం తూర్పు అంచున సన్నగా రెండు వంకర గీతలు, మడత నలిగి సగం చెరిగిపోయి ఉన్నాయి. అడంగల్లో ఆ ఊసే లేదు. సర్వేయర్‌ని వెంటబెట్టుకుని వెళ్తే అక్కడ తుమ్మ చెట్లు, వాటి మధ్య ఎండిపోయిన వాగు, అవతల ఒడ్డున రైతు వేసిన పైపు. ఎండాకాలం చూసినవాడికి అది మెరక పల్లాల మామూలు చేను. వానాకాలం చూసినవాడికి వాగు.

2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. చెరువుగా నమోదైన భూమిని ఇళ్ల స్థలాలకు ఇవ్వడం చెల్లదు, ఇచ్చినవి రద్దు, చెరువును తిరిగి చెరువుగా చేయాలి అని. ఇది పర్యావరణ కేసు అనుకుని పక్కన పెట్టేస్తారు చాలామంది. నా దృష్టిలో ఇది హౌసింగ్ కేసు. అక్కడ స్థలాలు పోయినవాళ్లు పట్టాలు చేతిలో ఉన్నవాళ్లు. తప్పుడు భూమి ఎంచింది ఆఫీసు, ఇల్లు పోయింది పేదవాడిది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఎలా ఉన్నాయో ఈ ఊరివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఈ హాల్లో ఉన్నవాళ్లలో కొందరు ఆ నీళ్లలోంచి పడవల్లో బయటికి వచ్చినవాళ్లే అయివుంటారు. ఆ ప్రాంతాల భూమి రికార్డుల గురించి నేనిక్కడ ఏ తీర్పూ ఇవ్వడం లేదు. కానీ వరద వచ్చాక నాకు బలపడిన అభిప్రాయం ఒకటుంది. టైటిల్, అంటే యాజమాన్య హక్కు, శుభ్రంగా ఉందా అన్న ప్రశ్నతో లీగల్ ఒపీనియన్ ఆగకూడదు. ఈ భూమి మీద పడ్డ నీరు ఎటు పోతుంది, ఇరిగేషన్ వాళ్ల ఎన్‌ఓసీ ఏ తేదీది, అందులో వరద మట్టం రాశారా లేదా అని కూడా అడగాలి. 'అది ఇంజనీరింగ్ విషయం, లీగల్‌కి సంబంధం లేదు' అని నోట్ వస్తుంది. చమేలీ సింగ్ కేసులో 1995లో సుప్రీంకోర్టు నివాసపు హక్కు గురించి చెప్పింది చదవండి. నివాసమంటే నాలుగు గోడలూ కప్పూ మాత్రమే కాదంది. గాలీ వెలుతురూ, నీరూ, కరెంటూ, పారిశుధ్యమూ, రోడ్డూ అన్నీ అందులోకే వస్తాయంది. అలాంటప్పుడు నీటి ప్రశ్న న్యాయ ప్రశ్న ఎందుకు కాకుండా పోతుంది?

భూమి ప్రభుత్వానిదే అయినా, ఎప్పుడో పేద రైతుకి డీకేటీ పట్టా ఇచ్చి ఉంటే అది అసైన్డ్ భూమి. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్ముకోకూడదని నిషేధం, తర్వాత కొన్ని సడలింపులు వచ్చాయి. ప్రజావసరానికి వెనక్కి తీసుకుంటే పరిహారం ఎంత? 'ప్రభుత్వ భూమే కదా, ఎక్స్‌గ్రేషియా ఇస్తే చాలు' అనే వాదన చాలాకాలం నడిచింది. 2004లో మేకల పాండు కేసులో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చింది. పట్టాదారులతో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలంది. అయినా ఇప్పటికీ కొన్ని అంచనాల్లో అసైన్డ్ భూమికి పక్కన తక్కువ అంకె వేసి పంపుతుంటారు. దాన్ని కొట్టేసి, కింద ఈ తీర్పు పేరు రాసి వెనక్కి పంపడం లా ఆఫీసర్ చేతిలో పని. ఆ రైతు హైకోర్టు దాకా నడవాల్సిన అవసరం ఆ ఒక్క నోట్‌తో తప్పుతుంది. ప్రైవేటు భూమైతే 2013 భూసేకరణ చట్టం ఉంది. 11 సెక్షన్ నోటిఫికేషన్, అభ్యంతరాల విచారణ, 19 కింద డిక్లరేషన్, అవార్డు. వాటి జోలికి ఇవాళ వెళ్లను, మీ సిలబస్‌లో ఉన్నవే.

భూమి ఎక్కడ ఎంచారన్నది ఎంత పెద్ద న్యాయ ప్రశ్నో చెప్పడానికి అమెరికా కేసు ఒకటి చెప్తాను. అక్కడ 1937 హౌసింగ్ చట్టం తర్వాత ఊరూరా పబ్లిక్ హౌసింగ్ ఏజెన్సీలు వచ్చాయి. ప్రతి పెద్ద ఏజెన్సీలోనూ చీఫ్ లీగల్ కౌన్సెల్ ఉంటారు. ఆ ఏజెన్సీలు మనలా ఇళ్లు ఇచ్చేయవు, తక్కువ అద్దెకి ఇస్తాయి. కాబట్టి అద్దె, ఖాళీ చేయించడం, వివక్ష, టెండర్లు ఇవన్నీ రోజువారీ పనులు. షికాగో నగరంలో హౌసింగ్ అథారిటీ తన కాలనీలన్నీ దాదాపుగా నల్లజాతివాళ్లు ఉండే పేటల్లోనే కడుతూ వచ్చింది. 1966లో డొరొతీ గోత్రో అనే మహిళ, ఆమెతోపాటు మరికొందరు కోర్టుకెళ్లారు. 1969లో ఫెడరల్ జడ్జి ఆ స్థలాల ఎంపికే రాజ్యాంగ విరుద్ధమన్నారు. గోత్రో ఆ తీర్పు వినలేదు, 1968లోనే చనిపోయారు. 1976లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి, పరిహారంగా ఇచ్చే ఇళ్లు నగరం హద్దులు దాటి శివార్లలో కూడా చూపించవచ్చని తేలింది. అక్కడ కొట్టుకుపోయింది అలాట్‌మెంట్ ఉత్తర్వు కాదు, ఎక్కడ కట్టాలని గీసిన మ్యాపు. ఆ మ్యాపుల మీద సంతకాలు పడుతున్నప్పుడు న్యాయ సలహా ఇచ్చే మనిషి అభ్యంతరం రాసి ఉంటే తరాల జీవితం మారేది.

మన దగ్గర జాతి ప్రశ్న ఆ రూపంలో లేదు. కానీ పేదల కాలనీ ఎప్పుడూ ఊరి చివరే ఎందుకు? వన్‌టౌన్‌లో ముఠా పని చేసేవాడికి, గాంధీనగర్ ఇళ్లలో పనిచేసే ఆవిడకి ఊరవతల ఎంత మంచి ఫ్లాటు ఇచ్చినా, రోజూ ఆటోలకి పోసే డబ్బు వాళ్ల కూలిలో ఎంత భాగం? ఈ ప్రశ్న ఫైల్లో ఎవరో ఒకరు అడగాలి. కలెక్టరేట్ మీటింగ్‌లో లా ఆఫీసర్ అడిగితే అందరూ ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యపోనివ్వండి.

ఇప్పుడు అన్నిటికంటే బరువైన విషయానికి వస్తాను. ఖాళీ చేయించడం.

విజయవాడ మీదుగా మూడు కాలువలు పోతున్నాయి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. గట్ల మీద దశాబ్దాలుగా బతుకుతున్న కుటుంబాలున్నాయి. వాటిని కదిలించే ఫైలు వచ్చిందంటే రెవెన్యూ, మునిసిపల్ కార్పొరేషన్, ఇరిగేషన్, హౌసింగ్ నలుగురూ కలుస్తారు. హౌసింగ్ లా ఆఫీసర్‌ని ఎందుకు పిలుస్తారంటే, ప్రత్యామ్నాయంగా ఇచ్చేది మన ఇల్లే కాబట్టి.

చట్టం ఏమంటుంది? 1905 భూ ఆక్రమణల చట్టం ఏడో సెక్షన్ కింద ముందు సంజాయిషీ నోటీసు, తర్వాత ఆరో సెక్షన్ కింద ఖాళీ చేయమని ఉత్తర్వు. తేలికైన దారి కాబట్టి అందరూ దీని మీదే పడతారు. 1982లో తుమ్మల కృష్ణారావు కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. హైదరాబాద్ హబ్సిగూడలో ఉస్మానియా యూనివర్సిటీ కోసం సేకరించిన భూమి అది. యూనివర్సిటీ వేసిన దావా కాలపరిమితి దాటిందని పోయింది. ఆ తర్వాత ప్రభుత్వం ఆక్రమణల చట్టం కింద తేలిగ్గా ఖాళీ చేయించబోయింది. టైటిల్ మీద నిజాయితీ గల వివాదం ఉన్నప్పుడు ఈ అడ్డదారి పనికిరాదు, సివిల్ కోర్టుకెళ్లి తేల్చుకోండి అంది సుప్రీంకోర్టు. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రపు కేసే. ప్రతి లా సెక్షన్ గోడ మీద ఉండాల్సిన తీర్పు.

బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్ల 1985 ఓల్గా టెల్లిస్ కేసు మీరంతా చదివే ఉంటారు. జీవనోపాధి హక్కు ఆర్టికల్ 21లో భాగమన్న మాట అందరికీ గుర్తుంటుంది. చివరికి ఆ పేవ్‌మెంట్ మనుషులను ఖాళీ చేయించడానికి కోర్టు అనుమతించిందన్నది చాలామందికి గుర్తుండదు. వానాకాలం అయ్యేదాకా, అంటే ఆ ఏడు అక్టోబరు 31 దాకా ఆగమంది, అంతే. అంటే హక్కు ప్రకటించినంత మాత్రాన ఇల్లు నిలబడదు. ముందు వినడం, పునరావాసం చూపడం, ఏ కాలంలో కదిలిస్తున్నామన్నది ఆలోచించడం, ఇవన్నీ అమలు చేసే ఆఫీసు చేతిలోనే మిగిలిపోతాయి. అక్కడే మన పని.

2024 నవంబరు 13న బుల్డోజర్ కూల్చివేతల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో 15 రోజుల నోటీసు, ఉత్తర్వు తర్వాత మరో 15 రోజులు, వీడియో రికార్డింగ్, అతిక్రమిస్తే అధికారి సొంత డబ్బుతో పరిహారం వంటి ఆదేశాలున్నాయి. జాగ్రత్తగా చదవండి. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, రైలు పట్టాల పక్కన, నదులు, జలవనరుల దగ్గర ఉన్న అనధికార కట్టడాలకు ఆ ఆదేశాలు వర్తించవని అందులోనే ఉంది. కాలువ గట్టు మినహాయింపు కిందకి వస్తుందని వాదించే అవకాశం ఆఫీసుకి ఉంటుంది. 'ఇంకేం, రేపే పొక్లెయిన్ తెప్పిద్దాం' అని ఎవరైనా అంటే లా ఆఫీసర్ ఒప్పుకోకూడదు. ఆ మినహాయింపు ఆ తీర్పులోని ఆదేశాలకే. సహజ న్యాయానికి కాదు, 1905 చట్టంలోని నోటీసుకి కాదు.

నోటీసు అంటే ఏమిటో దగ్గర్నుంచి చూపిస్తాను. గట్టు మీద ఒక ఇంట్లో ఒక పెద్దావిడ ఉంటుందనుకోండి. మీ మనిషి వెళ్లినప్పుడు ఆవిడ పనికి పోయింది. తలుపుకి అంటించి, ఫొటో తీసి, పంచనామా రాసి వచ్చేశారు. ఆవిడకి చదువు రాదు. పక్కింటి కుర్రాడు చదివి చెప్పేసరికి గడువులో సగం అయిపోయింది. విచారణ రోజు ఆవిడ ఒక పాలిథిన్ కవరు తెచ్చి బల్ల మీద పెడుతుంది. అందులో రేషన్ కార్డు, పాత కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదు, ఓటరు కార్డు. అన్నీ మన ప్రభుత్వం ఇచ్చినవే, అన్నిటి మీదా ఆ గట్టు చిరునామానే. ఇన్ని ఇచ్చి ఇప్పుడు అనధికారం అంటారేమిటయ్యా అని అడుగుతుంది. కరెంటు బిల్లు టైటిల్ ఇవ్వదన్నది నిజమే. కానీ ఆ బిల్లు గురించి ఉత్తర్వులో ఒక్క ముక్క లేకుండా 'సంజాయిషీ సంతృప్తికరంగా లేదు' అని సైక్లోస్టైల్ వాక్యం రాస్తే ఆ ఉత్తర్వు హైకోర్టులో నిలవదు, నిలవకూడదు. స్పీకింగ్ ఆర్డర్ అంటే ఆవిడ తెచ్చిన ప్రతి కాగితానికీ జవాబు. ఆవిడ ఎన్నేళ్లుగా ఉంది, ఎంతమంది ఉన్నారు, ఏ బ్లాకులో ఏ ఫ్లాటు చూపించాం, తాళం ఏ తేదీన ఇచ్చాం, అక్కడ మంచినీళ్లు వస్తున్నాయా, ఇవన్నీ అందులో ఉండాలి. ఆ డ్రాఫ్టు లా ఆఫీసర్ స్వయంగా చూడాలి. జూనియర్ అసిస్టెంట్‌కి వదిలే పని కాదది.

అలాటీల కేసులు వేరే రకం. ఇల్లు ఆలస్యం, ధర పెరిగింది, గోడ చెమ్మ, సేల్ డీడ్ ఇవ్వడం లేదు. ఇవి వినియోగదారుల కోర్టుకి వెళ్లవని ఒకప్పుడు సంస్థలు వాదించేవి. 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ వర్సెస్ ఎం.కె. గుప్తా కేసుతో ఆ వాదన పోయింది. చట్టబద్ధ సంస్థ ఇల్లు కట్టి ఇవ్వడం సేవే, లోపం ఉంటే పరిహారం ఇవ్వాలంది సుప్రీంకోర్టు. అంతటితో ఆగలేదు. ప్రజలను వేధించిన అధికారి ఎవరో తేల్చి ఆ డబ్బు అతని నుంచే రాబట్టాలంది. ఈ తీర్పు వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. రెండో భాగం అమలు కావడం మాత్రం చాలా అరుదు. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, అంటే రెరాలో 'ప్రమోటర్' నిర్వచనం చదవండి. అమ్మకానికి ఇళ్లు కట్టే ప్రభుత్వ సంస్థలు కూడా అందులో ఉన్నాయి. ఆలస్యమైతే 18వ సెక్షన్ కింద డబ్బు వడ్డీతో వెనక్కి అడగవచ్చు.

ఇక్కడ నా మనసుని ఎప్పుడూ తొలిచే విషయం బ్యాంకు అప్పు. పేద కుటుంబం పేరు మీద లోన్ తీసుకుని ఆ డబ్బుతో అపార్ట్‌మెంట్ కడతారు. ఇల్లు తాళం చేతికి రాకముందే ఈఎంఐ మొదలవుతుంది. ఇటు పాత ఇంటి అద్దె, అటు బ్యాంకు నోటీసు. నెలకింత సంపాదించే మనిషి రెండూ ఎక్కడ్నుంచి తెస్తాడు? సంస్థ, బ్యాంకు, ఆ కుటుంబం మధ్య జరిగే త్రైపాక్షిక ఒప్పందం డ్రాఫ్టు చేసేటప్పుడే, స్వాధీనం ఇచ్చిన తేదీ తర్వాతే వాయిదాలు మొదలవ్వాలి, ఆలస్యమైన కాలానికి వడ్డీ సంస్థే భరించాలి అని ఒక క్లాజు పెట్టడం ఎంత సేపు? ఒక పేరా. బ్యాంకు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ఫైలు మీద ఆ విషయం రాసి పైకి పంపాలి, నిర్ణయం తీసుకునేవాళ్లు తెలిసే తీసుకోవాలి.

వారసత్వం గురించి ఒక్క ముక్క. ఇప్పుడు పట్టాలూ ఇళ్లూ ఎక్కువగా ఆడవాళ్ల పేరు మీదే వస్తున్నాయి. పాత కాలనీల్లో అలాటీ మగవాడు. హిందువైన అతను వీలునామా లేకుండా పోతే హిందూ వారసత్వ చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లతోపాటు అతని తల్లికీ సమాన వాటా ఉంటుంది. ఇంటి యజమాని ఆడమనిషి అయితే పదిహేనో సెక్షన్. ముందు వరసలో పిల్లలూ భర్తా ఉంటారు, తల్లి ఉండదు. ఆఫీసులో మాత్రం అందరికీ ఒకే ఫారం, 'భార్య పేరు, కొడుకుల పేర్లు' అని. ముసలి తల్లి పేరు రాయడానికి అందులో గడే ఉండదు. ఆ ఫారం మార్చడం పెద్ద సంస్కరణ కిందే లెక్క. ఇక జీపీఏల మీద, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ కాగితాల మీద, చేతులు మారిన ఇళ్ల సంగతి, 2011 సూరజ్ ల్యాంప్ తీర్పు, అది చదివితే చాలు. జీపీఏతో టైటిల్ రాదు. కొన్నవాడి కన్నీళ్లు నిజమే, కానీ అసలు అలాటీ వారసులను పిలిచి వినకుండా మూడోవాడికి సేల్ డీడ్ చేస్తే రేపు ఇంకో కన్నీళ్లు.

మీరు ఈ ఉద్యోగంలోకి వస్తే ఒక సంగతి ముందే తెలుసుకోండి. బార్ కౌన్సిల్ రూల్ 49 ప్రకారం పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగి అడ్వొకేట్‌గా ప్రాక్టీసు చేయకూడదు. 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు ఇంకో సంగతి స్పష్టం చేసింది. సంస్థలో జీతానికి పనిచేసే న్యాయ సలహాదారుకి, క్లయింటుతో జరిగిన సంభాషణ మీద అడ్వొకేట్‌కి ఉన్న పూర్తి రక్షణ, అంటే భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ రక్షణ, వర్తించదు. 134 కింద పరిమితంగా మాత్రం ఉంటుంది. పైగా సమాచార హక్కు చట్టం కింద నోట్ ఫైలు బయటికి రావచ్చు. దీన్ని చూసి భయపడి ఫోన్లో చెప్పి ఫైల్లో రాయకుండా ఉండటం మొదలుపెడతారు కొందరు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. నాలుగేళ్ల తర్వాత జడ్జి గారు ఓపెన్ కోర్టులో చదివినా, ఆ ఫ్లాటు పోయిన మనిషి చదివినా నిలబడేలా రాయండి. 'ఈ భూమి వాగు పోరంబోకు, ఇళ్లకు ఇవ్వవద్దు' అని తేదీ వేసి సంతకం పెట్టిన మూడు లైన్ల నోట్ ఎన్నో కుటుంబాలను కాపాడగలదు.

గడువుల గురించి క్లుప్తంగా. కాంట్రాక్టర్‌తో ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వం) ఓడిపోతే, దాన్ని కోర్టులో సవాలు చేయడానికి ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్ కింద మూడు నెలలు, కారణం చూపితే మరో 30 రోజులు. ఆ తర్వాత ఒక్క రోజు కూడా లేదు. ఫైలు ఇంజనీరింగ్ నుంచి ఫైనాన్స్‌కీ, ఫైనాన్స్ నుంచి లీగల్‌కీ తిరిగేలోగా అది పోతుంది. లా సెక్షన్లో గోడ క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో గడువులు రాసి ఉండాలి, సాఫ్ట్‌వేర్ ఉన్నా సరే.

చివరిగా రాజీ సంగతి. ఇది చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది.

ఓడిపోయిన కేసులో అప్పీలు వేయడం ఆఫీసుల్లో ఒక అలవాటు. వేస్తే ఎవరూ ఏమీ అనరు. వేయకపోతే 'ఎందుకు వేయలేదు, ఎవరితో కుమ్మక్కయ్యారు' అని ఆడిట్, విజిలెన్స్. అందుకే ఓడిపోతామని తెలిసి కూడా వేస్తారు, అదీ గడువు దాటాక. 2020 అక్టోబరులో భేరూలాల్ కేసులో 663 రోజుల ఆలస్యంతో వచ్చిన మధ్యప్రదేశ్ ప్రభుత్వానికి సుప్రీంకోర్టు 25,000 రూపాయల ఖర్చులు వేసింది. ఇవి 'సర్టిఫికెట్ కేసులు' అంది. అంటే సుప్రీంకోర్టు కూడా కొట్టేసిందని ఒక కాగితం తెచ్చుకుని ఫైలు మూసేయడానికి వేసే కేసులు. ఆ కాగితం వచ్చేదాకా అవతల ఒక కుటుంబం తన ఇంటి కోసమో, పరిహారం కోసమో ఎదురు చూస్తూ ఉంటుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద ప్రభుత్వానికి రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలన్న నియమం పెట్టిందే గొడవ కోర్టు బయట తీరాలని. ఆ నోటీసులకు జవాబే ఇవ్వడం లేదని 2005లో సేలం బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు బాధపడి, జవాబులు చూసే బాధ్యత ఒక అధికారికి అప్పగించమంది. హౌసింగ్ సంస్థలో ఆ అధికారి లా ఆఫీసరే కావాలి. నోటీసు వచ్చిన వారంలో ఆ మనిషిని ఆఫీసుకి పిలిచి కూర్చోబెట్టి వినాలి.

విన్నాక రాజీకి అధికారం కావాలి. అది ఊరికే రాదు, బోర్డు తీర్మానంతో తెచ్చుకోవాలి. నేను సూచించే తీర్మానం ఇలా ఉంటుంది. ఒక పరిమితి దాకా చీఫ్ లా ఆఫీసర్, ఫైనాన్స్ అధికారి, సంబంధిత ఇంజనీరు ముగ్గురూ కలిసి రాజీ నిర్ణయించవచ్చు. అంతకు మించితే మేనేజింగ్ డైరెక్టర్. కారణాలు రాతపూర్వకంగా ఉండాలి. రాజీ లోక్ అదాలత్‌లో అవార్డుగా నమోదు కావాలి, ఎందుకంటే 1987 న్యాయ సేవల చట్టం 21వ సెక్షన్ ప్రకారం దాని మీద అప్పీలు ఉండదు, పెండింగ్ దావా అయితే కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. మంచి నమ్మకంతో చేసిన రాజీకి అధికారి మీద చర్య ఉండదని కూడా తీర్మానంలో రాయాలి. ఆఖరి షరతు ముఖ్యం: అవార్డు అయిన 30 రోజుల్లోగా సేల్ డీడ్ రిజిస్ట్రేషన్ జరగాలి, స్థలం రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ నిషేధిత జాబితాలో ఉంటే అప్పటికే దాన్ని తొలగించడానికి లేఖ వెళ్లి ఉండాలి. లేకపోతే అలాటీ లోక్ అదాలత్ కాగితం పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు మళ్లీ నిలబడాల్సి వస్తుంది, మనం మళ్లీ రిమార్కులు రాయడం మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. వెనక వరసలో ఉన్నవాళ్లు ముందు.